కుళ్లిన నిమ్మకాయల వాసన: తిరిగొచ్చిన ఒక గ్లయోబ్లాస్టోమా కేసు

గూడూరు నిమ్మకాయల మార్కెట్లో ఆయనకు ముప్పై ఏళ్ల అనుభవం. బస్తా మూతి విప్పి వాసన చూసి, అడుగున కాయ మెత్తబడిందో లేదో చెప్పేవాడట. అలాంటి మనిషికి 54వ ఏట ఉన్నట్టుండి కుళ్లు వాసన రావడం మొదలైంది. మొదటి రోజు బస్తాలన్నీ దింపించి వెతికించాడు. హమాలీలకు ఏ వాసనా రాలేదు. రెండో రోజు ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే అదే వాసన. ఆ తర్వాత బండి మీద పోతుంటే, దారి మధ్యలో. పది పదిహేను సెకన్లు ఉండి పోయేది. ఆ కాసేపూ కడుపులో నుంచి ఏదో గొంతులోకి లేచినట్టు ఉండేదని, ఎదుటివాళ్లు మాట్లాడేది వినబడుతున్నా తలకెక్కేది కాదని చెప్పాడు.

సైనస్ అనుకుని మూడు వారాలు మందులు వాడారు. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. వాసన తేడా అంటే ఎవరైనా ముక్కు డాక్టరు దగ్గరికే పోతారు. తర్వాత ఒక రోజు పొద్దున, వేలం పాట మధ్యలో ఫిట్స్ వచ్చి పడిపోయాడు. సాయంత్రానికి కొడుకు కారులో చెన్నై తీసుకొచ్చాడు.

నేను ఇక్కడ న్యూరోసర్జన్‌ని. నెల్లూరు, తిరుపతి, కడప వైపు నుంచి "మద్రాసు పోతే మేలు" అనుకుని వచ్చేవాళ్లతో నా ఓపీ సగం తెలుగులోనే నడుస్తుంది. ఈ కేసు అరుదైనదేం కాదు. పెద్దవాళ్లలో మెదడులోనే పుట్టే ప్రాణాంతక కణితుల్లో ఎక్కువగా కనిపించేది గ్లయోబ్లాస్టోమాయే. అయినా రాస్తున్నానంటే, థియేటర్ బయట నేను వాళ్లతో అన్న ఒక మాట తొమ్మిది నెలల తర్వాత నాకే ఎదురొచ్చింది. ఆ మాట ఎందుకు తప్పో చెప్పాలంటే క్యాన్సర్ మూలకణాల సంగతి చెప్పాలి. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, ఇంకొన్ని వివరాలు తీసేశాను.

చూసినప్పుడు

మాట, నడక బాగానే ఉన్నాయి. భార్య మాత్రం ఒక సంగతి చెప్పింది. "నెల రోజుల నుంచి వాకిలికి ఎడం పక్కే తల కొట్టుకుంటా ఉండాడు సార్. చూసి నడవరాదా అని నేనే కసురుకున్నా." చూపు పరీక్ష చేస్తే రెండు కళ్లలోనూ ఎడమ వైపు పై మూల కనిపించడం లేదు. చెవి దగ్గరి మెదడు భాగమైన కుడి టెంపొరల్ లోబ్‌లో చూపుకు సంబంధించిన తీగలు ఒక వంపు తిరిగి వెనక్కి పోతాయి. ఆ వంపు మీద ఒత్తిడి పడితే సరిగ్గా ఆ మూలే పోతుంది. వాసనను పోల్చుకునే చోటు కూడా ఆ దగ్గర్లోనే. ఎంఆర్ఐ తీయకముందే కణితి ఎక్కడుందో ఈ రెండు ఆనవాళ్లే చెప్పేశాయి. కంటి వెనక నరం ఉబ్బి ఉంది, అంటే తల లోపల ప్రెజర్ పెరిగింది.

ఎంఆర్ఐలో 4.6 సెంటీమీటర్ల కణితి కనిపించింది. కాంట్రాస్ట్ ఎక్కించాక అంచు తెల్లగా వెలిగి, నడుమ నల్లగా ఉంది. ఆ నలుపు రక్తం అందక చచ్చిపోయిన భాగం. చుట్టూ వాపు, దాంతో మెదడు మధ్య గీత 6 మిల్లీమీటర్లు ఎడమకు జరిగింది. కణితి లోపలి అంచు వెంట్రికల్ గోడను తాకుతోంది. వెంట్రికల్ అంటే మెదడు లోపల నీరుండే గది. ఈ ఆనుకోవడాన్ని ఆ రోజు నోట్సులో ఒక్క వాక్యంలో రాసి వదిలేశాను.

డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, ఫిట్స్‌కు లెవెటిరాసెటమ్ మొదలుపెట్టాం. మూడో రోజుకు తలనొప్పి పోయింది, వాసన ఆగింది, ఆకలి పుట్టింది. ఆరు ఇడ్లీలు తిన్నాడని భార్య సంబరపడింది. "మాత్రలకే తగ్గిపోయె గదా సార్, ఇంక తల కొయ్యడం ఎందుకు?" అని ఆయన అన్నయ్య అడిగాడు. ప్రతి కుటుంబంలోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. స్టెరాయిడ్ వాపును లాగేస్తుంది, కణితి ఉన్నచోటే ఉంటుంది. ఈలోగా ఆయన షుగర్ 290కి పోయింది, దానికి ఇన్సులిన్ పెట్టాల్సి వచ్చింది.

ఆపరేషన్ బల్ల మీద

ఆ రోజు తెల్లవారుజామున 5-ఎఎల్ఎ అనే పొడిని నీళ్లలో కలిపి తాగించాం, కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల లెక్కన. కణితి కణాలు దాన్ని ప్రొటోపోర్ఫిరిన్ అనే పదార్థంగా మార్చి లోపల పేర్చుకుంటాయి. నీలం కాంతి పడితే అది ఎర్రగా మెరుస్తుంది. 2006లో జర్మనీకి చెందిన స్టుమ్మర్ బృందం ప్రచురించిన ట్రయల్‌లో ఈ మందు తాగినవాళ్లలో 65 శాతం మందికి కాంట్రాస్ట్ పట్టే కణితిని పూర్తిగా తీయగలిగారు. మామూలు లైటు కింద ఆపరేషన్ చేసినవాళ్లలో అది 36 శాతమే. మందు ఖరీదైనది. తాగిన తర్వాత ఒక రోజంతా గట్టి వెలుతురు తగలకూడదు కాబట్టి గదిలో లైట్లు తీసేస్తాం. అది తెలియక వాళ్ల బంధువు ఒకాయన, ఇంత పెద్దాసుపత్రిలో కరెంటు పోవడమేందని నర్సు మీద కేకలేశాడు.

కుడి చెవి పైన ఎముక తెరిచాం. నడిమి భాగం మెత్తగా సక్షన్‌లోకి వచ్చేసింది. చుట్టూ ఉన్న పెంకు గట్టిది, రక్తనాళాలు వంకర టింకరగా అల్లుకుని ఉన్నాయి, ముట్టుకుంటే రక్తం. మూడు గంటల తర్వాత తెల్ల లైటులో చూస్తే పని అయిపోయినట్టే ఉంది. గుంత గోడలు తెల్లగా, మెత్తగా, అచ్చం మెదడులా ఉన్నాయి. అప్పుడు మైక్రోస్కోప్ మీద తెల్ల లైటు తీసి నీలం లైటు వేశాను.

చూడని వాళ్లకు ఆ దృశ్యం చెప్పడం కష్టం. మంచి మెదడు చీకటి పడ్డాక చెరువు నీళ్లలా ముదురు నీలంగా ఉంటుంది. కణితి ఉన్నచోట దానిమ్మ గింజల ఎరుపు. దాని అంచుల్లో ఎరుపు పలచనై గులాబీగా మారి, ఆ గులాబీ ఎక్కడ ఆగి నీలం ఎక్కడ మొదలైందో తేల్చుకోలేనంత మెల్లగా కలిసిపోతుంది. తెల్ల లైటులో మెదడులా కనబడిన గోడ మీద మూడు చోట్ల గులాబీ మరకలు తేలాయి. రెండింటిని తీశాను. మూడోది లోపలి వైపు, వెంట్రికల్ గోడ మీద, చిటికెన వేలి గోరంత. దాని వెనకే యాంటీరియర్ కోరాయిడల్ ధమని పోతుంది. అది దెబ్బ తింటే ఎడమ కాలూ చేయీ పడిపోతాయి. పైగా వెంట్రికల్ లోపలి పొర, కణితి లేకపోయినా ఒక్కోసారి అలా మెరుస్తుంది. ఈ రెండు కారణాలూ చూసుకుని అక్కడ ఆపాను. ఈ రోజు అదే కేసు వచ్చినా అక్కడే ఆపుతాను.

తప్పు బయట జరిగింది. మాస్క్ కిందికి లాగి "మొత్తం తీసేశాం" అన్నాను. భార్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. మర్నాటి ఎంఆర్ఐలో కాంట్రాస్ట్ పట్టే భాగం ఏమీ మిగల్లేదని రేడియాలజిస్ట్ రాశారు. నా మాటకు సాక్ష్యం దొరికినట్టే అనిపించింది.

పాథాలజీ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. థియేటర్‌లో ఉండగానే బియ్యపు గింజలో సగమంత ముక్కను రెండు గాజు పలకల మధ్య నలిపి, రంగు వేసి, హై గ్రేడ్ గ్లయోమా, అంటే వేగంగా పెరిగే మెదడు కణితి అని ఫోన్ చేశారు. పూర్తి రిపోర్టులో చచ్చిన భాగం చుట్టూ కంచె కట్టినట్టు నిలబడ్డ కణాలు, గుత్తులుగా పెరిగిన రక్తనాళాలు, విడిపోతున్న కణాల వాటా చెప్పే ఎంఐబీ-1 ముప్పై శాతం. ఐడీహెచ్1 అనే జీనులో మార్పు (మ్యుటేషన్) సాధారణ పరీక్షలో దొరకలేదు. రోగికి 55 దాటి ఉంటే అంతటితో ఆగొచ్చు. ఈయనకు ఒక్క ఏడాది తక్కువ కాబట్టి జీనును అక్షరం అక్షరం చదివే సీక్వెన్సింగ్ కూడా చేయించాం, అందులోనూ లేదు. 2021 డబ్ల్యూహెచ్ఓ వర్గీకరణ ప్రకారం గ్లయోబ్లాస్టోమా, ఐడీహెచ్ వైల్డ్‌టైప్ (ఆ మ్యుటేషన్ లేనిది), గ్రేడ్ 4. ఎంజీఎంటీ మిథైలేషన్ లేదు. ఆ చివరి లైనే అన్నింటికన్నా చేదు వార్త. ఎందుకో కింద చెప్తాను.

తుంగ గడ్డలు

పదో రోజు కుట్లు తీయడానికి వచ్చినప్పుడు కొడుకు ఫోన్‌లో ఏదో తెరిచి చూపించాడు. ఏదో క్లినిక్ ప్రకటన. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే మెదడు మళ్లీ పెరుగుతుందని, ఇన్ని లక్షలని. "మా చెల్లెలి పాప పుట్టినప్పుడు బొడ్డుతాడు రక్తం దాచిపెట్టాం సార్. అది నాయనకు పనికొస్తుందా?" అని ఆశగా అడిగాడు.

స్టెమ్ సెల్, అంటే మూలకణం అనే మాట మన ఇళ్లలోకి మందుగానే వచ్చింది. బ్యాంకుల ప్రకటనలు, గర్భిణులకు వచ్చే ఫోన్లు, అన్నీ అదే పాట. కాబట్టి జబ్బు వేరు దగ్గర కూడా స్టెమ్ సెల్సే ఉన్నాయంటే వాళ్లకు మతిపోతుంది. ముందుగా ఆ క్లినిక్ సంగతి తేల్చేశాను. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధమైన జబ్బులకు చేసే మూలకణ మార్పిడి మాత్రమే అంగీకరించిన వైద్యం. మిగతావేవీ అనుమతి పొందిన ట్రయల్ బయట చేయకూడదు. మెదడు కణితికి డబ్బు తీసుకుని ఎక్కించడం వైద్యం కాదని గట్టిగానే అన్నాను.

తర్వాత అసలు సంగతి. కణితిలో కోట్ల కణాలుంటాయి, అన్నీ ఒక్కటి కాదు. చాలావాటికి కొన్నిసార్లు విడిపోయి ఆగిపోయే శక్తే ఉంటుంది. కొన్నింటికి మాత్రం తమలాంటి దాన్ని మళ్లీ పుట్టించుకుంటూ, మిగతా రకాలన్నింటినీ కూడా పుట్టించే శక్తి ఉంటుంది. అవే క్యాన్సర్ మూలకణాలు. ఒక్క పిడికెడు మిగిలినా కణితి మొత్తాన్నీ మొదటి నుంచి కట్టగలవు. ఇంత వరకు చెప్పేసరికి, అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న ఆయన భార్య అందుకుంది.

"తుంగ మాదిరి గదా సార్."

ఆమె పుట్టిల్లు నిమ్మతోట. నిమ్మ పాదుల్లో తుంగ పడితే ఏమవుతుందో ఆమెకు నాకన్నా బాగా తెలుసు. పైన గడ్డి కోస్తే వారానికి మళ్లీ లేస్తుంది. మందు కొడితే పచ్చగా ఉన్నది మాడిపోతుంది, నేల శుభ్రంగా కనిపిస్తుంది. కింద గొలుసుకట్టుగా ఉన్న గడ్డల్లో నిద్రపోతున్నవి చావవు. వాన పడగానే లేస్తాయి. నేను ఇరవై ఏళ్లుగా విద్యార్థులకు బోర్డు మీద బొమ్మలు వేసి చెప్పేది ఆమె మూడు మాటల్లో చెప్పింది.

ఈ గడ్డల్ని పట్టుకున్న కథ కొంచెం చెప్పాలి. ఎంత కోసినా గ్లయోమా తిరిగొస్తుందన్నది పాత అనుభవమే. 1928లో అమెరికాలో వాల్టర్ డాండీ అనే సర్జన్, కుడి వైపు గ్లయోమాతో అప్పటికే ఎడమ పక్క పడిపోయిన రోగులకు కుడి అర్ధగోళం మొత్తం తీసేశాడు. సగం మెదడు పోయింది, జబ్బు పోలేదు. ఎందుకు పోలేదన్న ప్రశ్నకు సూటి జవాబు కెనడాలోని టొరంటో నుంచి వచ్చింది. లుకేమియాలో మూలకణాలున్నాయని 1990ల్లో జాన్ డిక్ బృందం చూపించింది కూడా ఆ ఊళ్లోనే. అదే దారిలో షీలా సింగ్, పీటర్ డర్క్స్ బృందం మెదడు కణితులను తీసుకుని, పైన సీడీ133 అనే గుర్తు ఉన్న కణాలనూ లేని కణాలనూ వేరు చేసింది. 2004లో వాళ్లు ప్రచురించిన ఫలితం ఇది: గుర్తు ఉన్నవి 100 కణాలు చాలు, ఎలుక మెదడులో కణితి పుట్టింది. గుర్తు లేనివి లక్ష ఎక్కించినా పుట్టలేదు. పైగా పుట్టిన కణితి మనిషి కణితికి నకలులా, అన్ని రకాల కణాలతో ఉంది.

ఆపరేషన్ రోజు, సంతకం తీసుకుని, ఈయన కణితి ముక్క కూడా ఒకటి ఊళ్లోనే ఉన్న ఒక పరిశోధన ల్యాబుకు పంపాం. మూడు వారాల తర్వాత అక్కడి అమ్మాయి రమ్మని ఫోన్ చేసింది. ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే గులాబీ రంగు ద్రవంలో దుమ్ము రేణువుల్లాంటివి తేలుతున్నాయి. మైక్రోస్కోప్ కింద పెడితే ఒక్కో రేణువూ గుండ్రటి బంతి, సున్నుండకు పేలాలు అంటించినట్టు చుట్టూ కణాలు. వీటిని న్యూరోస్ఫియర్లు అంటారు. సీరం (రక్తం నుంచి తీసిన పోషక ద్రవం) లేకుండా, రెండు రకాల వృద్ధి కారకాలు మాత్రమే వేసి పెంచుతారు. ఆ కరువులో మామూలు కణాలు చచ్చిపోతాయి, మూలకణ లక్షణం ఉన్నవి బంతి కడతాయి. సీరం వేస్తే ఇవే అడుగున పరుచుకుని ఆ లక్షణం వదిలేస్తాయి. అప్పటికి ఆ మనిషి తలలో కణితి లేదని ఎంఆర్ఐ రిపోర్టు నా టేబుల్ మీద ఉంది. ఇక్కడ ఫ్లాస్కులో ఆయన కణితి చక్కగా పెరుగుతోంది. చాలాసేపు ఆ కుర్చీలోంచి లేవలేదు.

ముప్పై రోజుల రేడియేషన్

చికిత్స 2005 నుంచి అందరం వాడుతున్నదే. ఆ ఏడాది రోజర్ స్టుప్ బృందం 573 మందితో చేసిన ట్రయల్ వచ్చింది. రేడియేషన్ ఒక్కటే ఇస్తే సగం మంది బతికి ఉన్న కాలం 12.1 నెలలు, టెమొజోలమైడ్ మాత్రలు కలిపితే 14.6 నెలలు. రెండేళ్లు దాటినవాళ్లు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి పెరిగారు. బయటివాళ్లకు రెండున్నర నెలలు ఏపాటి అనిపిస్తుంది. మా వైపు నుంచి చూస్తే అదే పెద్ద మలుపు.

మొత్తం 60 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), 30 విడతల్లో, వారానికి ఐదు రోజులు. ముఖానికి అచ్చుపోసిన ప్లాస్టిక్ మాస్కు బిగించి పడుకోబెడతారు. మొదటి రోజు ఆయన భయపడిపోయి లేచి కూర్చున్నాడు. రెండో రోజు నుంచి టెక్నీషియన్ తెలుగు పాటలు పెట్టాడు. ఆసుపత్రి వెనక సందులో రూము తీసుకుని భార్యాభర్తలు ఆరు వారాలు ఉన్నారు. గ్యాస్ పొయ్యి, ఒక కుక్కర్, ఊరి నుంచి వచ్చిన నిమ్మకాయ ఊరగాయ. ఆ వాసన ఆయనకు మామూలుగానే ఉందట. పొద్దున ఖాళీ కడుపుతో మాత్ర, వాంతులకు ఇంకో మాత్ర, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ రాకుండా కో-ట్రైమాక్సజోల్. తర్వాత నెల విరామం, ఆ మీదట 28 రోజులకోసారి ఐదు రోజుల మాత్రలు.

ఇక ఎంజీఎంటీ సంగతి. టెమొజోలమైడ్ డీఎన్ఏలోని గ్వానిన్ అక్షరానికి ఒక మిథైల్ ముక్కను అంటిస్తుంది. కణం విడిపోయేటప్పుడు ఆ ముక్క అడ్డుపడి చివరికి కణం చస్తుంది. ఎంజీఎంటీ అనే ఎంజైమ్ ఆ ముక్కను పీకేస్తుంది. ఆ ఎంజైమ్ జీనుకు తాళం పడి ఉంటే, దాన్నే మిథైలేషన్ అంటున్నాం, మందు బాగా పనిచేస్తుంది. ఈయనకు తాళం లేదు. మందు వేస్తున్నాం, కణం దులుపుకుంటోంది.

ఇంకో చిక్కు. కణం విడిపోయేటప్పుడే దెబ్బ తగులుతుంది కాబట్టి విడిపోకుండా నిద్రపోతున్న కణానికి ఈ మందు పెద్దగా చేసేదేమీ లేదు. డల్లాస్‌లో లూయిస్ పరాడా బృందం 2012లో ఎలుకల మీద దీన్ని కళ్లకు కట్టింది. టెమొజోలమైడ్‌తో కణితి చిక్కిపోయాక, మళ్లీ మొట్టమొదట విడిపోవడం మొదలుపెట్టినవి అప్పటిదాకా గుట్టుగా ఉన్న కొద్దిపాటి మూలకణాలే. రేడియేషన్ విషయంలోనూ అంతే. 2006లో డ్యూక్ యూనివర్సిటీ నుంచి జెరెమీ రిచ్ బృందం, రేడియేషన్ తర్వాత కణితిలో సీడీ133 ఉన్న కణాల వాటా పెరుగుతోందని చూపించింది. అవి దెబ్బతిన్న డీఎన్ఏను మిగతావాటికన్నా చురుగ్గా బాగుచేసుకుంటాయి. మందు కొట్టిన తోటలో గడ్డి పోయి గడ్డలు మిగిలినట్టే.

మళ్లీ అదే వాసన

ఆపరేషన్ అయిన తొమ్మిదో నెల, ఐదో సైకిల్ మాత్రలు అయిపోయిన వారానికి, ఆయనే ఫోన్ చేశాడు. కొడుకు కాదు, ఆయనే. "సార్, మళ్లీ కాయ కుళ్లింది" అన్నాడు. ఇంకేమీ చెప్పక్కర్లేదు.

ఎంఆర్ఐలో పాత గుంత లోపలి అంచున, వెంట్రికల్ గోడ మీద, 1.8 సెంటీమీటర్ల గడ్డ. గులాబీ మరకను వదిలేసిన చోటే. రేడియేషన్ ముగిసిన మొదటి మూడు నెలల్లో అయితే ఇది రేడియేషన్ వల్ల వచ్చిన వాపేమో అని ఒకసారి ఆలోచించేవాళ్లం. ఆ గడువు దాటిపోయింది, పర్ఫ్యూజన్ స్కాన్‌లో రక్త ప్రవాహం కూడా ఎక్కువగా ఉంది. నిజానికి ఈ జబ్బు తిరిగొచ్చేది ఎక్కువగా పాత హద్దుకు 2 సెంటీమీటర్ల లోపే. రేడియేషన్ ప్లాన్‌లో చుట్టూ అంత మేర వదలడం అందుకే.

కొడుకు నా ముందు కూర్చుని, గొంతు పెంచకుండానే అడిగాడు. "మొత్తం తీసేశాం అన్నారు గదా సార్?"

కంప్యూటర్‌లో పాత ఆపరేషన్ వీడియో తీసి, నీలం లైటు వేసిన ఆ అర నిమిషం చూపించాను. గోరంత మరక, దాని వెనక కొట్టుకుంటున్న ధమని. ఎందుకు ఆపానో చెప్పాను. "తీసేసి ఉంటే రాకపోయేదా?" అన్నాడు. రాకపోయేదని చెప్పలేను. బహుశా ఇంకో చోట వచ్చేది. కానీ ఆ రోజు నేను చెప్పాల్సింది "కంటికి కనిపించినంత తీశాం, కనిపించనిది ఉంది" అని. మీరు సంబరపడితే చూడాలని నాకూ ఉండిందని అతనికి చెప్పాను. అతను ఏమీ అనలేదు.

ఆ గోడ గురించి ఎక్కువ చెప్పడానికి ఒక కారణముంది. వెంట్రికల్ గోడ కింది పొరలో పెద్దవాళ్లలో కూడా మెదడు మూలకణాలు కాపురం ఉంటాయి. 2018లో దక్షిణ కొరియా బృందం ఒకటి గ్లయోబ్లాస్టోమా రోగుల్లో, కణితికి దూరంగా మామూలుగా కనిపిస్తున్న ఆ పొర ముక్కల్ని పరీక్షించింది. ఐడీహెచ్ వైల్డ్‌టైప్ కణితి ఉన్నవాళ్లలో సగానికి పైగా, కణితిలో ఉన్న మ్యుటేషన్లే ఆ పొరలో కొద్ది మోతాదులో దొరికాయి. అంటే కణితి పొలంలో కనబడుతున్నా, విత్తనం గట్టు మీద పడి ఉండొచ్చు. అలాగని ప్రతి రోగికీ ఆ గోడను గీకేయమని గానీ, అక్కడ రేడియేషన్ ఎక్కువ పోయమని గానీ ఎవరూ నిలబెట్టలేదు. నేను చేయను కూడా. ఇప్పుడు ఎంఆర్ఐలో గోడ తాకుతోందని కనిపిస్తే మాత్రం ఆ సంగతి మొదటి రోజే కుటుంబానికి చెప్తున్నాను.

మనిషి ఇంకా తన పనులు తాను చేసుకుంటున్నాడు, గడ్డ చిన్నది, అందుకే రెండోసారి ఆపరేషన్ చేశాం. ఈసారి పాథాలజిస్ట్ తన ఆసక్తి కొద్దీ మూలకణాలను పట్టిచ్చే నెస్టిన్, సాక్స్2 రంగులు కూడా వేసి స్లైడ్ చూపించారు. గోధుమ రంగు పట్టిన కణాలు రక్తనాళాల గోడలను ఆనుకుని వరసగా ఉన్నాయి, బస్టాండులో గోడకు చేరగిలబడి నిద్రపోయే ప్రయాణికుల్లా. ఈ కణాలు రక్తనాళాల పక్కనే గూడు కట్టుకుంటాయని రిచర్డ్ గిల్బర్ట్‌సన్ బృందం 2007లో చెప్పింది. పుస్తకాల్లో చూసిన బొమ్మను ఇంత శుభ్రంగా స్లైడ్ మీద చూడటం నాకదే మొదటిసారి. ఇవి చికిత్సను మార్చే పరీక్షలు కావు. సీడీ133 ఎంత శాతమో రాసిన ప్రైవేటు ల్యాబు రిపోర్టులు కొందరు తెస్తుంటారు, దాన్ని బట్టి నేను ఇచ్చే మందు మారదు. ఆ డబ్బు ఎంజీఎంటీ పరీక్షకు పెట్టమంటాను.

గడ్డ ఒకటే అయితే

తుంగ పోలిక దగ్గర ఆగిపోతే విషయం తప్పుదోవ పడుతుంది. గడ్డల్ని ఏరేస్తే చాలు, తుంగ పోతుంది. 2004 తర్వాత కొన్నేళ్లు మేమూ అలాగే అనుకున్నాం. మూలకణాల్ని మాత్రమే చంపే మందు ఒకటి దొరికితే మిగతా కణితి తనంతట తానే ఎండిపోతుందని. తర్వాతి ఏళ్లలో సీడీ133 లేని కణాలు కూడా కణితిని పుట్టించగలవని వేరే ల్యాబులు చూపించాయి. 2019లో మారియో సువా, ఇటై టిరోష్ బృందాలు గ్లయోబ్లాస్టోమా కణాలను ఒక్కొక్కటిగా చదివి, అవి ముఖ్యంగా నాలుగు స్థితుల్లో ఉంటాయని, ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారగలవని చెప్పాయి. మూలకణం అనేది పుట్టుకతో వచ్చే కులం కాదు, కణం అవసరాన్ని బట్టి కట్టే వేషం. ఏరేసిన గడ్డల స్థానంలో ఆకులే గడ్డలుగా మారితే తోటమాలి ఏం చేస్తాడు? మా పరిస్థితి అదే.

గూడును చెడగొడదామన్న ఆలోచన కూడా వచ్చింది. కొత్త రక్తనాళాలను ఆపే బెవాసిజుమాబ్ మీద అప్పట్లో చాలా ఆశ పెట్టుకున్నాం. 2014లో రెండు పెద్ద ట్రయల్స్ వచ్చాయి. కొత్తగా జబ్బు తేలినవాళ్లకు మొదటి నుంచీ ఇచ్చినా జబ్బు తిరగబెట్టడం కొంత ఆలస్యమైంది గానీ ఆయుష్షు పెరగలేదు. వాపు మాత్రం బాగా తగ్గిస్తుంది. ఈయనకు చివరి నాలుగు నెలలు అందుకే ఇచ్చాం. స్టెరాయిడ్ మోతాదు సగానికి దిగింది, షుగర్ అదుపులోకి వచ్చింది, సంక్రాంతికి ఊరికి పోయొచ్చాడు. మార్కెట్‌కు కూడా వెళ్లి ఒక వేలం పాటకు కూర్చున్నాడట. ధర చెప్పడంలో తడబడితే పక్కనున్న వ్యాపారి అందుకుని సర్దాడని కొడుకు చెప్పాడు.

మొదటి ఆపరేషన్ నుంచి పదహారో నెలలో, ఇంట్లోనే, నిద్రలో పోయాడు.

రెండు నెలల తర్వాత కొడుకు ఇన్సూరెన్స్ కాగితాల మీద సంతకం కోసం వచ్చాడు. పని అయ్యాక లేవకుండా కూర్చున్నాడు. "ఆ ల్యాబులో నాయన కణాలు ఉండాయన్నారు. ఇంకా పెరుగుతున్నాయా సార్?" అని అడిగాడు. లేదు, లిక్విడ్ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర పెట్టారు, మొదటి ఆపరేషన్‌వీ రెండో ఆపరేషన్‌వీ పక్కపక్కనే, రెండింటినీ పోల్చి చూస్తున్నారు అని చెప్పాను. బయటికి తీస్తే మళ్లీ పెరుగుతాయా అన్నాడు. పెరుగుతాయన్నాను. కాసేపు ఆలోచించి, పారేయాలంటే ముందు తనకు ఒక మాట చెప్పమని నంబరు రాసిచ్చి వెళ్లాడు. ఆ కాగితాన్ని ల్యాబు అమ్మాయికి ఇచ్చాను. ఫ్రీజర్ రిజిస్టర్‌లో ఆ రెండు వరసల పక్కన పిన్ను చేసి పెట్టింది.